శుక్రవారం అర్ధరాత్రి అంటే ఎప్పుడు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ సిటీ పేజీలో వేసిన నీళ్ల బంద్ ప్రకటన గురించి ఈ ఉత్తరం. "శుక్రవారం అర్ధరాత్రి 12 గంటల నుంచి 24 గంటల పాటు సరఫరా ఉండదు" అని వేశారు. ఏ అర్ధరాత్రండీ? గురువారం పడుకున్నాక వచ్చేదా, శుక్రవారం పడుకున్నాక వచ్చేదా? మా అపార్ట్‌మెంట్‌లో అందరం రెండోదే అనుకున్నాం. శుక్రవారం సాయంత్రం టబ్బులు, బిందెలు నింపుకుందామని నిశ్చింతగా పడుకున్నాం. తెల్లారి వాచ్‌మన్ మోటారు వేస్తే గాలి తప్ప ఏమీ రాలేదు, సంప్ అడుగు కనిపిస్తోంది. ఆఫీసుకు ఫోన్ చేస్తే "నోటీసు చదవలేదా సార్?" అన్నారు. చదివాం కాబట్టే ఈ గతి.

ఆఫీసు కాగితాల్లో తేదీ రాత్రి 12కు మారుతుంది, నిజమే. మన మాటల్లో మాత్రం తెల్లారితే గానీ రోజు మారదు. రాత్రి రెండింటి దాకా మేలుకున్నవాడు కూడా "రేపు పొద్దున కలుద్దాం" అనే అంటాడు. పంచాంగానిదీ ఇదే లెక్క, సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒక రోజు. మీ పేపర్లోనే రోజూ వేసే పంచాంగం చూడండి. గురువారం కింద "తె. 4.20 వరకు" అని ఉంటే అది గురువారం రాత్రి గడిచాక వచ్చే తెల్లవారుజామని ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చెబుతారు. ఉ., ప., సా., రా., తె. అంటూ ఒక్కో అక్షరంతో వాళ్లు తేల్చేసిన సంగతి, పక్క పేజీలో అంత పెద్ద ప్రకటనలో తేలలేదు. ఇక ముస్లింల లెక్కలో రోజు సూర్యాస్తమయంతోనే మొదలు. గురువారాన్ని ఉర్దూలో జుమేరాత్ అంటారు, అంటే జుమ్మా రాత్రి. మన గురువారం రాత్రి వాళ్లకు అప్పుడే శుక్రవారపు రాత్రి! ఇన్ని లెక్కలు పక్కపక్కనే నడిచే ఊళ్లో "శుక్రవారం అర్ధరాత్రి" అని రాసి చేతులు దులుపుకుంటే ఎట్లా?

"12వ తేదీ గురువారం రాత్రి 11.59 నుంచి" అని రాస్తే సరిపోయేది. బీమా పాలసీల మీద 23:59 అని అచ్చు వేస్తున్నారు కదా. 00.10కు రైలుంటే టికెట్ మీద తారీఖు చూసి ఆ రోజు రాత్రి తాపీగా సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరి, రైలు నిన్ననే పోయిందని తెలుసుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని చూసి నవ్వుతాం గానీ తప్పు వాళ్లదేనా?

అసలు మన ఆఫీసులకు తేదీలంటే లెక్కలేదు. "పక్షం రోజుల్లోగా జవాబివ్వాలి" అని నోటీసు వస్తుంది. పక్షమంటే పదిహేను రోజులు, సరే. నోటీసు మీద తేదీ నుంచా, అది మన చేతికందిన రోజు నుంచా? కౌంటర్లో అడిగితే పక్క కౌంటర్ చూపిస్తారు. ఫలానా తేదీ "నుంచి" అంటే ఆ మొదటి రోజును లెక్కలోకి తీసుకోరని, ఆఖరి రోజు ఆఫీసు మూసి ఉంటే మళ్లీ తెరిచిన రోజు ఇచ్చినా చెల్లుతుందని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోనే ఉంది. చదివే తీరిక ఎవరికుంది!

పండగ సెలవులూ అంతే. తిథి ఒకసారి 19 గంటలే ఉంటుంది, ఒకసారి 26 గంటల దాకా సాగుతుంది, కాబట్టి రెండు తేదీల మీద పడటం మామూలే. అందులో చంద్రుడి తప్పేమీ లేదు. పంచాంగాలు ఏడాది ముందే అచ్చవుతాయి. అయినా సెలవు ఏ రోజో ముందు రోజు రాత్రి పిల్లలు స్కూలు బ్యాగు సర్దుకున్నాక మారుస్తారు.

మీకూ ఒక మాట. ప్రకటన ఎట్లా వస్తే అట్లా వేసేయకుండా, మీ డెస్క్‌లో ఎవరో ఒకరు ఆ ఆఫీసుకు ఫోన్ చేసి "ఏ తారీఖు రాత్రి సార్?" అని అడగవచ్చు. వాళ్లు ఫోన్ ఎత్తితే.

– ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్