జాలి కాదు, జవాబు అడుగుదాం

సంపాదకులకు నమస్కారం.

స్త్రీల కూలి, పింఛను, ఆస్తి గురించిన వార్తలు పత్రికల్లో ఎక్కువగా సంక్షేమం శీర్షిక కిందే వస్తుంటాయి. ప్రభుత్వం ఇచ్చింది, పెంచింది, మంజూరు చేసింది అని రాస్తుంటారు. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదని ఎవరిని, ఏ ఆధారంతో నిలదీయవచ్చో మాత్రం అరుదుగా కనిపిస్తుంది. స్త్రీల ఆర్థిక హక్కుల మీద పనిచేస్తున్నవాళ్లంగా, ఆ నిలదీయడం ఎలా జరుగుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఆధారం ఎప్పటి నుంచో ఉంది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షను నిర్మూలించాలనే సీడా ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబరు 18న ఆమోదించింది. 1981 సెప్టెంబరు 3 నుంచి అది అమల్లో ఉంది. 189 దేశాలు అందులో చేరాయి. ఉద్యోగం, వేతనం, ప్రసూతి రక్షణ 11వ అధికరణలో ఉన్నాయి. బ్యాంకు రుణాలు 13లో, గ్రామీణ స్త్రీల భూమి, అప్పు, మార్కెట్ 14లో, దాంపత్యంలో ఆస్తి 16లో ఉన్నాయి. యజమానో, బ్యాంకో వివక్ష చూపితే మాకేం సంబంధం అని ప్రభుత్వం తప్పుకోలేదు. వ్యక్తులు, సంస్థలు, వ్యాపారాలు చూపే వివక్షను తొలగించే బాధ్యతను కూడా 2వ అధికరణ ప్రభుత్వం మీదే పెట్టింది. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికను దీనికి జతగా వాడుకోవాలి.

చేరిన దేశం కనీసం నాలుగేళ్లకోసారి నివేదిక ఇవ్వాలని సీడా చెబుతుంది. 23 మంది నిపుణుల కమిటీ దాన్ని చదివి, ప్రశ్నలు పంపి, ప్రభుత్వ ప్రతినిధులను ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతుంది. ప్రభుత్వ నివేదికలో చట్టాలు, పథకాలు బారులు తీరి ఉంటాయి. అవి ఎవరికి అందలేదో ఉండదు. అందనివాళ్ల సంగతి కమిటీ ముందు పెట్టేది ప్రజాసంఘాలు రాసే ప్రత్యామ్నాయ నివేదిక. మా రంగంలో ఎక్కువ శ్రమ దీని మీదే పెడతాం, ఎక్కువ పొరపాట్లూ దీనిలోనే జరుగుతాయి.

అన్నిటికంటే నష్టం చేసేది ఆలస్యం. జెనీవాలో కమిటీ సమావేశం దగ్గర పడ్డాక సంఘాలు కలం పడతాయి. ప్రభుత్వాన్ని ఏ ప్రశ్నలు అడగాలో అంతకు నెలల ముందే ఖరారైపోతుంది. కాబట్టి రెండుసార్లు పంపాలి: ప్రశ్నల జాబితా తయారయ్యే ముందు చిన్నగా, సమావేశానికి ముందు వివరంగా. ఇక నిడివి. సీడా కమిటీతో సంబంధం లేకుండా, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి అన్ని దేశాలకూ జరిపే సార్వత్రిక సమీక్షలో ఒక సంఘానికి 2,815 పదాలు, ఉమ్మడి నివేదికకు 5,630 పదాలే అనుమతి. అందులో పీఠికకే రెండు పేజీలు పోతే మిగిలేదేమిటి? ఇరవై సమస్యలు తలా ఒక వాక్యంలో చెప్పడం కంటే నాలుగింటిని నిరూపించడం మేలు.

ఒక్కో సమస్యకు ఐదు వాక్యాలు తప్పనిసరి. ఏం జరుగుతోంది, దాన్ని చూపే అంకె ఏ సంవత్సరానిది, ఎక్కడిది, ఏ అధికరణ ఉల్లంఘన, గతంలో కమిటీ ఇదే విషయంపై ఏం చెప్పింది, ఇప్పుడు ఏ శాఖ ఏం చేయాలి. చివరి వాక్యమే తరచూ నీరుగారిపోతుంది. ‘స్త్రీల సాధికారతకు తగిన చర్యలు తీసుకోవాలి’ అని రాస్తే ఏ ప్రభుత్వమైనా తీసుకుంటున్నామనే అంటుంది. ‘ఇంటి పనివారిని కనీస వేతన చట్టం నుంచి మినహాయిస్తున్న నిబంధనను రెండేళ్లలో కార్మిక శాఖ తొలగించాలి’ అని రాస్తే అవునో కాదో చెప్పక తప్పదు. కమిటీ సభ్యులకు మాట్లాడడానికి దొరికేది కొద్ది నిమిషాలే. మనం రాసిన వాక్యాన్ని వాళ్లు ఉన్నదున్నట్టు ప్రశ్నగా అడగగలగాలి.

వేతనాల విషయంలో ఒకే పనికి ఒకే జీతం అన్న దగ్గరే ఆగిపోతే వాదన సగమే. స్త్రీలు, పురుషులు పక్కపక్కన ఒకే పని చేసే చోట్లు తక్కువ. ఆడవాళ్లు ఎక్కువగా ఉండే పనులకే ధర తక్కువ కట్టడం అసలు అన్యాయం. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో తెచ్చిన 100వ ఒడంబడిక సమాన విలువ ఉన్న పని అంటుంది. నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు అనే నాలుగింటితో ఆ విలువను లెక్కగడతారు. పక్షపాతం ఈ లెక్కలోనే దూరుతుంది. బస్తా ఎత్తడాన్ని శ్రమగా రాసి, మంచాన పడ్డ రోగిని రోజంతా లేపి కూర్చోబెట్టడాన్ని వదిలేస్తారు. యంత్రానికి బాధ్యుడైతే మార్కులు వేస్తారు, పసిపిల్లలకు బాధ్యురాలైతే వేయరు. మూల వేతనం ఒకటే ఉందని మోసపోవద్దు. నగదుగానో వస్తురూపంగానో యజమాని ఇచ్చే ప్రతి అదనపు చెల్లింపూ ఆ ఒడంబడిక ప్రకారం వేతనమే. గంట రేటును, ఏడాది మొత్తం రాబడిని విడివిడిగా పోల్చాలి. గంట రేటు సమానంగా ఉండి ఏడాది రాబడిలో పెద్ద తేడా ఉంటే భత్యాలు, ఓవర్‌టైం, పదోన్నతులు ఎవరికి దక్కుతున్నాయో చూడాలి.

జీతం లేని చాకిరీని తేల్చడం ఇంకా కష్టం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా స్త్రీలు రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు, పురుషులు 1 గంట 23 నిమిషాలు జీతం లేని సంరక్షణ పనిలో గడుపుతున్నారు. ఈ ప్రపంచ సగటును మాత్రమే చూపిస్తే ‘మా దగ్గర అలా లేదు’ అని ప్రభుత్వం కొట్టిపారేస్తుంది. స్థానిక అంకె కావాలి. మీరు పనిచేస్తున్నారా అని అడిగితే లేదు, ఇంట్లోనే ఉంటానన్న జవాబే వస్తుంది. అలా కాకుండా 24 గంటలను అరగంట చొప్పున విడగొట్టి ఏం చేశారో అడగాలి. అదే సమయంలో ఇంకేం చేస్తున్నారనీ అడగాలి. ఈ రెండో ప్రశ్న లేకపోతే వంట చేస్తూ పిల్లల్ని కనిపెట్టుకున్న సమయమంతా వంటగానే మిగులుతుంది, పిల్లల పని లెక్కలోంచి మాయమవుతుంది. పనిదినం, సెలవు దినం, పంట కాలం, ఖాళీ కాలం అన్నీ కలవాలి. 2013లో జరిగిన కార్మిక గణాంకవేత్తల 19వ అంతర్జాతీయ సదస్సు జీతం లేని పనిని కూడా పనిగానే నిర్వచించింది. గణాంక శాఖను ఈ సర్వే చేయమని అడగడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి చాలామంది హక్కుల కార్యకర్తలు వెనకడుగు వేస్తారు. బడ్జెట్ తెలిసినవాళ్ల పని అనుకుంటారు. అందుబాటులో ఉన్న వనరులన్నిటినీ గరిష్ఠంగా వాడి హక్కులను క్రమంగా నెరవేర్చాలని 1966 నాటి ఆర్థిక హక్కుల ఒడంబడిక 2వ అధికరణే చెబుతున్నప్పుడు బడ్జెట్ చదవకుండా హక్కుల వాదన పూర్తికాదు. చూడాల్సింది మూడు అంకెలు: మొదట కేటాయించింది, మధ్యలో సవరించింది, చివరికి ఖర్చయింది. వార్తల్లోకి ఎక్కేది మొదటిదే, జనానికి చేరేది మూడోదే. ధరల పెరుగుదలనూ తీసేయాలి. కేటాయింపు 5 శాతం, ధరలు 7 శాతం పెరిగితే ఆ పథకం తగ్గినట్టే. డబ్బు లేదని కోతలు పెట్టేటప్పుడు కూడా హద్దులున్నాయి. అవి తాత్కాలికంగా, తప్పనిసరైనంత మేరకే, వివక్ష లేకుండా ఉండాలని, కనీస హక్కులను తాకకూడదని, ఆ ఒడంబడిక అమలును చూసే ఆర్థిక హక్కుల కమిటీ అధ్యక్షుడు 2012 మేలో దేశాలకు లేఖ రాశారు. పన్నులూ దీని పరిధిలోకే వస్తాయి. సీడా కమిటీ 2016లో స్విట్జర్లాండ్‌ను సమీక్షిస్తూ, ఆ దేశపు బ్యాంకు రహస్యం, కార్పొరేట్ పన్ను విధానాలు ఇతర దేశాల స్త్రీల హక్కుల మీద చూపే ప్రభావాన్ని స్వతంత్రంగా మదింపు చేయించాలని కోరింది. పన్ను ఎగవేత వల్ల ఆస్పత్రులకు, బడులకు డబ్బు తగ్గితే ఆ లోటును ఇంట్లో భర్తీ చేసేది స్త్రీలేనని ప్రజాసంఘాలు వాదించి నెగ్గిన సందర్భమది.

వ్యక్తిగత ఫిర్యాదు చివరి మెట్టు. దీనికి వీలు కల్పించేవి ఐచ్ఛిక ప్రోటోకాళ్లు, అంటే దేశాలు విడిగా చేరాల్సిన అనుబంధ ఒప్పందాలు. సీడా ఐచ్ఛిక ప్రోటోకాల్ 2000 డిసెంబరు 22 నుంచి, ఆర్థిక హక్కుల ఒడంబడికది 2013 మే 5 నుంచి అమల్లో ఉన్నాయి. మీ దేశం వాటిలో చేరిందో లేదో ముందు చూసుకోవాలి. చేరకపోతే ఈ దారి మూసుకున్నట్టే, ప్రత్యామ్నాయ నివేదిక దారి మాత్రం తెరిచే ఉంటుంది. దేశంలోని కోర్టుల్లో ఉన్న మార్గాలన్నీ ముందుగా వాడాలి. అక్కడ వేసే పిటిషన్‌లోనే లింగ వివక్ష సంగతి ఎత్తాలి. కింద ఎత్తని వాదనను పైన కొత్తగా తెస్తే ఫిర్యాదు నిలవడం కష్టం. ఆర్థిక హక్కుల ఒడంబడిక ప్రోటోకాల్ కింద దేశీయ మార్గాలు ముగిసిన ఏడాదిలోపే పంపాలి, సీడాకు అలాంటి గడువు లేదు. పేరు లేని ఫిర్యాదు తీసుకోరు. కాగితాల్లో తేదీలు, సంతకాలు సరిచూసుకోవడం చిన్న విషయం కాదు. టాంజానియాలో భర్త ఆస్తి నుంచి గెంటివేతకు గురైన ఇద్దరు వితంతువుల అప్పీలును అక్కడి కోర్టు హైకోర్టు ఉత్తర్వులో తేదీ తప్పుందని కొట్టేసింది. సీడా కమిటీ 2015లో వాళ్ల పక్షాన నిలిచింది.

పింఛన్ల మీద పనిచేసేవాళ్లు ఈక్వడార్ కేసు తప్పక చదవాలి. జీతం లేని ఇంటి పని చేస్తూనే ఒక స్త్రీ స్వచ్ఛందంగా సామాజిక భద్రత పథకంలో చేరి చందా కట్టింది. మధ్యలో కొన్ని నెలలు కట్టలేకపోయింది. ఆరు నెలలు దాటితే సభ్యత్వం పోతుందన్న సంగతి ఆమెకు చెప్పకుండా ఐదేళ్లకు పైగా చందాలు తీసుకుంటూ వచ్చారు, తీరా అడిగినప్పుడు పింఛను లేదన్నారు. ఆ నిబంధన ఇంటి చాకిరీ చేసే స్త్రీలనే ఎక్కువగా దెబ్బతీస్తుందని, అది వివక్షేనని ఆర్థిక హక్కుల కమిటీ 2018 మార్చి 26న తేల్చింది. రూల్ అందరికీ ఒకటే కదా అన్నవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు మేం చూడలేదు.

గెలిచాక కూడా పని ఉంటుంది. స్వయం ఉపాధిలో ఉన్న స్త్రీలకు ప్రసూతి భృతిని నెదర్లాండ్స్ 2004లో రద్దు చేసింది. అది తప్పని సీడా కమిటీ 2014లో చెప్పినా డబ్బు రాలేదు. 2017లో దేశీయ కోర్టు తీర్పు కూడా వచ్చాకే, 2018లో పరిహారానికి దరఖాస్తులు పిలిచారు. కమిటీ మాటను దేశంలో ఎవరో ఒకరు పట్టుకుని తిరగకపోతే అది జెనీవాలోనే ఉండిపోతుంది.

వివరాలిచ్చే స్త్రీల భద్రత వీటన్నిటికంటే ముందు. తన మాట ఎక్కడెక్కడికి వెళుతుందో, ప్రభుత్వం దాన్ని చదువుతుందో లేదో వివరించాకే సమ్మతి తీసుకోవాలి. పేరు తీసేసినా ఊరు, వృత్తి, వయసు కలిస్తే మనిషి తెలిసిపోతుంది. మనసు మార్చుకుంటే చివరి నిమిషంలోనైనా ఆమె కథను తీసేయాలి.

మీ పత్రికను మేం కోరేది రెండు. సమీక్ష ముగిశాక కమిటీ ఇచ్చే సిఫారసులను తెలుగులో పూర్తిగా అచ్చువేయండి, ఏ సిఫారసు ఏ శాఖదో పక్కనే రాయండి. వాటిలో కొన్నిటిపై రెండేళ్లలో జవాబివ్వాలని కమిటీ సాధారణంగా గడువు పెడుతుంది. ఆ గడువు నాటికి మీ విలేకరిని ఆ శాఖకే పంపి, ఏం చేశారో అడిగి రాయించండి.

— స్త్రీల ఆర్థిక హక్కుల కార్యకర్తలు