పరికిణీ లోపలి మడతల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల పండుగ దుస్తుల మీద వచ్చిన వ్యాసం చదివాను. పాత తరహా పరికిణీ, బుట్ట చేతుల జాకెట్టు, పాప చేతిలో అదే గుడ్డతో కుట్టిన బట్టలు తొడుక్కున్న బొమ్మ. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. ఎక్కడ దొరుకుతాయో, ఎంత ధర పలుకుతాయో కూడా రాశారు. ఎలా కుడతారో మాత్రం ఒక్క ముక్క లేదు. తెనాలిలో కుట్టుపని మీద బతికే మనిషిని కాబట్టి నా అభ్యంతరం అక్కడే.

ఇలాంటి రెడీమేడ్ పరికిణీలు బాగుచేయించుకోవడానికి నా దగ్గరకు తరచూ వస్తుంటాయి. పైకి అంచు పాతది, రంగు పాతది, కుట్టు మాత్రం నిన్నటిది. నడుముకు ఎలాస్టిక్కు, ముందే కుట్టేసిన కుచ్చిళ్ళు, కింద ఉబ్బెత్తుగా కనబడడానికి నెట్టు గుడ్డ. తిరగేస్తే, పోగులు ఊడకుండా మిషను మీద వేసే ఓవర్‌లాకు కుట్టు పక్కన పావు అంగుళం గుడ్డ కూడా మిగలదు. "కొంచెం వదులు చెయ్యమ్మా, పోయిన సంక్రాంతికే కొన్నాం" అంటారు తల్లులు. దేన్ని వదులు చేయను? విప్పడానికి అందులో ఏమైనా ఉంటే కదా!

వెనకటి దర్జీలు ఆడపిల్లకు పరికిణీ కుట్టేటప్పుడు ఆ ఏడాది కొలతకు కుట్టేవారు కారు. అంచుకు పైన, లోపలి వైపు, అడ్డంగా మడతలు పెట్టి కుట్టేవారు. మేం టక్కులంటాం. అంగుళం లోతు టక్కు 2 అంగుళాల గుడ్డను దాచుకుంటుంది. ఆరేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అందులో కాళ్ళ వాటా సగానికి కొంచెం ఎక్కువ. అంటే ఒక్క టక్కు విప్పితే ఏడాది దాటి ఇంకా కొంతకాలం సరిపోతుంది. మూడు టక్కులు పెడితే ఆ పరికిణీ ఆరో ఏట మొదలై తొమ్మిదో ఏటా కట్టుకోవచ్చు. జాకెట్టుకు రెండు పక్కలా అంగుళం చొప్పున లోపల అదనపు గుడ్డ (మార్జిన్) వదలడం కూడా ఇందుకే. నడుము మీద పరికిణీ నిలవని చిన్నపిల్లలకైతే నాడా కట్టరు. కడితే పొట్ట మీద గీతపడుతుంది, అయినా జారుతుంది. నూలుగుడ్డతో చేతుల్లేని బాడీ కుట్టి దానికే పరికిణీ అతికిస్తారు. భుజం పట్టీ కొస పొడవుగా వదిలి గుండీ వేస్తే, పిల్ల పెరిగేకొద్దీ గుండీ చోటు మారుతుంది.

టక్కు విప్పినచోట గీత మిగులుతుంది, నిజమే. ఎండ తగలని లోపలి గుడ్డ రంగు కొంచెం ముదురుగా కూడా ఉంటుంది. ఆ గీత మీద సన్నని జరీ లేసు వేస్తారు. మూడేళ్ళు వాడిన పరికిణీకి మూడు వరసల లేసు ఉండేది అందువల్లే. ఇప్పటి కంపెనీలు కొత్త పరికిణీకే మూడు వరసలు వేసి అమ్ముతున్నాయి. లోపల విప్పడానికి మడత లేదు, పైన లేసు మాత్రం సిద్ధంగా ఉంది!

ఇక బొమ్మ సంగతి. బొమ్మకు ప్రత్యేకంగా గుడ్డ కొనాలన్నట్టు మీ వ్యాసంలో రాశారు. అక్కర్లేదు. లెక్క చూడండి. చీర పన్నా, అంటే వెడల్పు, దాదాపు 46 అంగుళాలు. పరికిణీకి అంచు కిందికి రావాలి కాబట్టి చీర పన్నాయే పరికిణీ పొడవవుతుంది. ఆరేళ్ళ పాపకు నడుము నుంచి చీలమండ వరకు 26 అంగుళాలనుకుందాం. మూడు టక్కులకు 6, నాడా దూర్చే పట్టీకి 2. మొత్తం 34. పైన 12 అంగుళాల గుడ్డ మిగులుతుంది, దాని కొసన చీర పై అంచు ఉంటుంది. చాలా చీరలకు కింది అంచు పెద్దది, పై అంచు చిన్నది. ఆ చిన్న అంచు బొమ్మకు అతికినట్టు సరిపోతుంది. 18 అంగుళాల బొమ్మకు నడుము నుంచి కిందికి 10 అంగుళాలు చాలు, పట్టీకి అంగుళం, ఒక చిన్న టక్కుకు మిగతాది. బొమ్మ పెరగదు కదా, టక్కు ఎందుకని అడుగుతారు. పాపకు ఉన్నది బొమ్మకు లేకపోతే ముందు గమనించేది పాపే.

రెండు అంచులూ ఒకే వెడల్పున్న చీరైతే బొమ్మ పరికిణీ అంతా అంచే అవుతుంది. అప్పుడు అంచును లోపలికి మడిచి సగమే పైకి కనిపించేలా కుట్టాలి. కుచ్చిళ్ళ లెక్క కూడా బొమ్మకు వేరు. పాపకు నడుముకొలతకు నాలుగింతల గుడ్డ పెడితే కుచ్చిళ్ళు నిండుగా వస్తాయి. బొమ్మకు మూడింతలు మించకూడదు. బొమ్మ చిన్నదైందని గుడ్డ మందం తగ్గదు కదా! నాలుగింతలు పెడితే నడుము దగ్గర ముద్దలా పేరుకుని బొమ్మకు బొజ్జ వచ్చినట్టుంటుంది.

ఈ 18 అంగుళాల లెక్క ఎక్కడిదంటారా? అమెరికాలో 1986లో మొదలైన అమెరికన్ గర్ల్ బొమ్మల ఎత్తు అది. అక్కడున్న మన పిల్లల ఇళ్ళల్లో అవి ఉన్నాయి. ఇక్కడి అమ్మమ్మలు మనవరాలికీ దాని బొమ్మకూ కలిపి పరికిణీలు కుట్టించి పార్సిల్ పంపుతున్నారు. మొన్న ఒకావిడ నా కొట్లో కూర్చుని వీడియో కాల్‌లో మనవరాలి చేత బొమ్మ కొలతలు తీయించారు. ఆ పిల్ల టేపు చుట్టి "లెవెన్" అంటుంది. ఈవిడ "దాని నడుము కాదే తల్లీ, బుగ్గల చుట్టూ కొలుస్తున్నావు" అని అరుస్తారు. నేను పక్కనుంచి "మామ్మగారూ, టేపు ఎక్కడ చుట్టిందో చూపించమనండి" అంటాను. చివరికి నడుము కూడా పదకొండే అని తేలింది.

బొమ్మ జాకెట్టు దగ్గరే అసలు పని. బొమ్మ చెయ్యి మోచేతి దగ్గర వంగదు, కాబట్టి జాకెట్టు వెనక పైనుంచి కింది దాకా విప్పుకునేలా ఉండాలి, నొక్కితే పట్టుకునే టిచ్ బటన్లు పెట్టాలి. హుక్కులు పెడితే బొమ్మ జుట్టు చిక్కుకుంటుంది. బుట్ట చేతిని మామూలుగా గుండ్రంగా కుట్టి చంకకు ఎక్కించాలంటే ఆ కాస్త రంధ్రం మిషను పాదం కిందికి రాదు. భుజాలు కలిపాక పక్కలు కలపకముందే, గుడ్డ పరిచి ఉండగానే చెయ్యి అతికించాలి. ఆ తర్వాత చేతి అడుగు, పక్క కలిపి ఒకే కుట్టుగా లాగాలి. మెడకు పట్టీ వేస్తే మందం ఎక్కువై నిలబడిపోతుంది. పల్చటి మల్లుగుడ్డతో జాకెట్టంతటికీ లైనింగు వేసి తిరగేయడం మేలు.

ఇంట్లోనే బొమ్మ చేసుకునేవారికి కోరా గుడ్డ, బూరుగు దూది చాలు. మెడలో దూదిని పుల్లతో గట్టిగా కూరాలి, లేకపోతే నెలకే తల వాలిపోతుంది. జడకు నల్ల ఉన్ని. కళ్ళకు గుండీలు పెట్టకండి. మూడేళ్ళ లోపు పిల్లలు వాటిని కొరికి ఊడబీకి మింగుతారు. దారంతో కుట్టిన కళ్ళే క్షేమం, అందం కూడా.

గుడ్డ విషయంలో మీ వ్యాసానికీ నాకూ ఇంకో పేచీ ఉంది. అమ్మమ్మ పెళ్ళిచీరను కత్తిరించి పాపకు కుట్టించమని తేలిగ్గా రాసేశారు. నిక్షేపంలాంటి చీరను కత్తిరించడానికి నాకు చెయ్యి రాదు. కట్టుకోవడానికి పనికివచ్చేది కట్టుకోవలసిందే. బీరువాలో ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉండి, మడతల వెంట చిట్లిన చీరలుంటాయి. అవి తీసుకురండి. మడత దగ్గర రెండు చేతులతో నెమ్మదిగా లాగి చూస్తే ఏ భాగం ఇంకా బలంగా ఉందో తెలుస్తుంది. చిట్లినచోట్లు వదిలేసి కత్తిరించి, వెనక పల్చటి నూలుగుడ్డ వేసి, సన్న సూదితో కుట్టాలి. వెనకవైపు పోగులు వేలాడే బుటాలున్న చీరైతే లైనింగు తప్పనిసరి, లేకపోతే పాప కాళ్ళ పట్టీల మువ్వలకు తగులుకుంటాయి. పాత చీర లేనివాళ్ళకు నేను గద్వాల చీర చెబుతాను. ఒళ్ళు నూలు, అంచు పట్టు. పిల్లకు చెమట పట్టదు, అంచు నిండుగా ఉంటుంది.

సంక్రాంతి అంటే భోగిమంట కూడా అని ఈ ఫ్యాషన్ వ్యాసాలకు గుర్తుండదు. తెల్లవారుజామున పిల్లలు మంట దగ్గరే ఉంటారు. నెట్టు, సింథటిక్ గుడ్డ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు కాలదని నేననను. కానీ కరిగి చర్మానికి అతుక్కోదు. కొనేటప్పుడు అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి నలిపితే పొడి అవుతుంది, సింథటిక్ అయితే గట్టి పూసలా మిగులుతుంది. ఏదైనా సరే, మంట దగ్గర మామూలు నూలు బట్టలు వేసి, పరికిణీ సాయంత్రం భోగిపళ్ళ వేళకు కట్టడం మంచిది. బొమ్మల కొలువు ముందు పాప, కొలువులో అదే పరికిణీలో బొమ్మ, పేరంటాళ్ళు చూసేదీ అప్పుడే.

కూలి గురించి చెప్పకపోతే మా తోటివాళ్ళు నన్ను క్షమించరు. "గుడ్డ జానెడు, కూలి ఇంతా?" అన్నది ప్రతి పండుగకూ వినే మాటే. పెద్దవాళ్ళ జాకెట్టుకు ఎన్ని ముక్కలో పిల్ల జాకెట్టుకూ అన్నే ముక్కలు, బొమ్మ జాకెట్టుకూ అన్నే. చిన్నదయ్యేకొద్దీ సమయం పెరుగుతుందే గాని తగ్గదు. టక్కులు పెట్టి కుట్టిన పరికిణీకి నేను రెడీమేడ్ ధర కంటే కొంచెం ఎక్కువే అడుగుతాను. అది మూడేళ్ళు వస్తుంది, పైగా బొమ్మ బట్టలు అందులోనే వస్తాయి. ఈ మాట ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు. పత్రిక చెబితే వింటారు.

కుట్టుమిషన్లు ఇచ్చే శిక్షణ కేంద్రాల్లో నేర్పేవి చూశాను. జాకెట్టు, చుడీదారు, నైటీ. పిల్లల బట్టలకు టక్కు పెట్టడం నేర్పినచోటు నాకు కనిపించలేదు. కత్తిరించిన గుడ్డముక్కలు సంచుల్లో నింపి పారేస్తున్నారు. ఆ ముక్కలతోనే బొమ్మకు బట్టలు కుట్టమంటే, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు చిన్న కుట్టు మీద చెయ్యి తిరుగుతుంది, పాడైనా నష్టం లేదు. ఈ కేంద్రాలు నడిపేవారు ఆలోచించాలి.

మీకు నా మనవి ఒక్కటే. వచ్చే సంక్రాంతి లోపు అనుబంధంలో అరపేజీ ఇవ్వండి. పాప పరికిణీ, బొమ్మ పరికిణీ ఒకే చీరలో ఎలా కత్తిరించాలో పటం గీసి, కొలతలు వేసి పంపుతాను. పారితోషికం అక్కర్లేదు. కొలతలు మాత్రం అంగుళాల్లోనే అచ్చువేయండి. సెంటీమీటర్లలో వేస్తే మా దర్జీలు ఒక్కరూ పేజీ తిప్పి చూడరు.

— ఒక దర్జీ, తెనాలి