నాన్ బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో వారం వారం వచ్చే ఇంగ్లిషు పాఠం నేను వదలకుండా చదువుతాను. మొన్న పోల్చి చెప్పే విశేషణాల గురించి వేశారు, టాల్, టాలర్, టాలెస్ట్, రాము సోము కంటే పొడుగు అని. పాఠంలో తప్పేమీ లేదు. అయితే ముప్పై ఏళ్ళు బడిలో ఇంగ్లిషు చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు అమలాపురంలో సాయంత్రంపూట లా చదివే పిల్లలకీ వకీళ్ళ దగ్గర గుమాస్తాలుగా చేసే కుర్రాళ్ళకీ అదే ఇంగ్లిషు చెబుతున్నాను, అందుకే ఒక మాట అడుగుతున్నాను. ఆ పాఠాన్ని రాము పొడుగు దగ్గర ఆపకండి, బెయిలు కాగితాల దాకా తీసుకురండి. మా కోనసీమలో మామూలు జనానికి ఇంగ్లిషు అర్థంకాక నష్టం జరిగేది అక్కడే.

మా వీధిలో కొబ్బరి దింపు తీసే ఒకాయన ఉన్నాడు. ఆయన కొడుకుని చెరువు గట్టు దగ్గర తగాదాలో అరెస్టు చేశారు. ‘నాన్ బెయిలబుల్ కేసంట’ అని ఎవరో అన్నారు, అంతే, ఇంక బెయిలే రాదనుకుని ఆ తల్లి పదకొండు రోజులు ఏ వకీలు గడపా తొక్కలేదు. నాకు తెలిసేసరికి ఆ పదకొండు రోజులూ కుర్రాడు సబ్ జైల్లో ఉన్నాడు. నాన్ బెయిలబుల్ అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టు కేసు చూసి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, అంతవరకే. బెయిలబుల్ అయితే అది హక్కు, అడిగి జామీను చూపిస్తే ఇవ్వాల్సిందే, జామీను పెట్టే స్తోమత లేనివాళ్ళని సొంత బాండు (వాయిదాలకి వస్తానని తానే రాసిచ్చే పూచీ) మీదే వదలమని చట్టం చెబుతోంది, అరెస్టయిన వారంలోగా జామీను ఇవ్వలేకపోతే స్తోమత లేనట్టే లెక్క. ఈ తేడా ఆ ఇంట్లో ఒక్కరికి తెలిసినా మొదటి రోజే పిటిషను పడేది.

చివరికి బెయిలు వచ్చింది. ఆర్డర్లో పదివేలకి సొంత బాండు, ‘లైక్ సమ్’కి ఇద్దరు షూరిటీలు, అంటే జామీనుదారులు, అని ఉంది. ఆ పదివేలు నగదుగా కట్టాలేమోనని ఆవిడ అప్పటికే మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టేసింది. కట్టక్కర్లేదమ్మా, అది పూచీ మాత్రమే, అబ్బాయి వాయిదాలకి రాకుండా తిరిగితే అప్పుడు కోర్టు వసూలు చేస్తుంది అని చెబితే ఆవిడ చాలాసేపు నమ్మలేదు. అదే ఆర్డరు మర్నాడు నా క్లాసులో చదివించాను. డిగ్రీ పాసైన అబ్బాయే ‘లైక్ సమ్’ని ‘ఇష్టమైన మొత్తం’ అన్నాడు. లైక్ అంటే ఇష్టపడటం అనే కదా మనం నేర్పింది! ఇక్కడ లైక్ అంటే అంతే, సమానం. అంటే ఒక్కొక్క జామీనుదారూ అదే పదివేలకి పూచీ పడాలని. ఇది కూడా పోలికే కదండీ, ఎక్కువా కాదు తక్కువా కాదు అని చెప్పే పోలిక, కానీ ఏ వ్యాకరణం పుస్తకంలోనూ ఈ ఉదాహరణ నాకు కనపడలేదు.

మన పిల్లలకి పోలికలు ఎందుకు తడబడతాయో నాకు తెలుసు. తెలుగులో విశేషణం మారదు. పెద్ద ఎప్పుడూ పెద్దే, పక్కన ‘కంటే’ పెడితే చాలు. ఇంగ్లిషులో మాటే మారిపోతుంది, అందుకే ‘మోర్ బిగ్గర్’ అంటారు. నేను రొయ్యల కౌంటుతో మొదలుపెడతాను. ముప్పై కౌంటు అంటే కిలోకి ముప్పై, వంద కౌంటు అంటే కిలోకి వంద. అంకె ఎంత స్మాలర్ అయితే రొయ్య అంత బిగ్గర్, ధర అంత హయ్యర్. చెరువుల మధ్య పెరిగిన పిల్లలు, ఒక్క రోజులో పట్టేస్తారు. ఆ తర్వాత చట్టంలోకి దిగుతాం, అక్కడ ‘లెస్ దేన్’, ‘నాట్ లెస్ దేన్’ అనే రెండు మాటల మధ్య మనిషి స్వేచ్ఛే ఉంటుంది. ఏదైనా ప్రత్యేక చట్టం కింద వచ్చే నేరానికి ఆ చట్టం బెయిలు సంగతి విడిగా చెప్పకపోతే, శిక్ష మూడేళ్ళ కంటే తక్కువైతే బెయిలబుల్, మూడేళ్ళూ ఆపైనా అయితే నాన్ బెయిలబుల్.

ఇంకో ఉదాహరణ నేను తప్పకుండా చెబుతాను. పోలీసులు గడువులోగా ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కు వస్తుంది. ఆ గడువు కొన్ని కేసుల్లో 60 రోజులు, పెద్ద శిక్ష పడే కేసుల్లో 90. పాత చట్టంలో (సీఆర్‌పీసీ) ఆ 90 రోజుల కేసులకి మరణశిక్ష, యావజ్జీవంతో పాటు ‘నాట్ లెస్ దేన్ టెన్ ఇయర్స్’ అని రాశారు. మరి కనీస శిక్ష నాలుగేళ్ళు, గరిష్ఠం పదేళ్ళు ఉన్న నేరం ఎందులోకి వస్తుంది? దీని మీద 2017లో రాకేష్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీలే ఏకాభిప్రాయానికి రాలేదు. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులు పక్కన పెడితే, కనీసం పదేళ్ళు పడే నేరమైతేనే 90, లేకపోతే 60 అని ఇద్దరు తేల్చారు, మూడో ఆయన ఒప్పుకోలేదు. ‘నాట్ లెస్ దేన్’ని మా పిల్లలు ‘తక్కువ కాదు, అంటే ఎక్కువ’ అని గబుక్కున అనేస్తారు, నేను ఒప్పుకోను, సమానం కూడా అందులోనే ఉందని పది వాక్యాలు రాయిస్తాను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో (బీఎన్‌ఎస్‌ఎస్) అక్కడ ‘టెన్ ఇయర్స్ ఆర్ మోర్’ అని మార్చారు. బాండు అంటే షూరిటీ లేకుండా, బెయిల్ బాండు అంటే షూరిటీతో అని అర్థాలు కూడా విడివిడిగా ఇచ్చారు. ఇవి పరీక్షల కోసం కాదు, గుమాస్తా బల్ల దగ్గర రోజూ వాడాల్సిన మాటలు.

కాబట్టి ఎడిటర్ గారూ, మీ ఇంగ్లిషు పాఠంలో కనీసం నాలుగు వారాలు వీటికి ఇవ్వండి. బెయిలు, బాండు, షూరిటీ, ముందస్తు బెయిలు, కండిషన్ బెయిలు, ప్రతి మాటకీ ఒక నిజమైన ఆర్డరు వాక్యం, పక్కన ఒక పోలిక. రాయడానికి మనిషి దొరక్కపోతే నేను రాసిస్తాను, డబ్బులేమీ వద్దు. ఇంకొకటి, ఇది మీ రిపోర్టర్లకి. సంక్రాంతికి కోడిపందేల దగ్గర నుంచి ఎన్నికల గొడవల దాకా ‘నాన్ బెయిలబుల్ కేసు నమోదు’ అని హెడ్డింగు పెడుతున్నారు, ఆ వార్త కిందే చిన్న అక్షరాలతోనైనా ‘బెయిలు కోర్టు విచక్షణ మీద ఉంటుంది, వకీలుని పెట్టుకోలేనివాళ్ళు ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయండి’ అని వేయండి. అలాంటి హెడ్డింగు వచ్చిన రోజున ఆ కుటుంబం కూడా మీ పేపరు చూస్తుంది.

– ఒక రిటైరైన ఇంగ్లిషు మాస్టారు, అమలాపురం