గేర్‌బాక్సుకు ‘నైంటీ పోసెయ్’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం ముందు కార్ల సంరక్షణ మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు టైర్లు, వైపర్లు, బ్యాటరీ, ఇంజిన్ ఆయిల్ గురించి బాగానే చెబుతాయి. గేర్ ఆయిల్ దగ్గరకొచ్చేసరికి ‘అవసరమైతే మార్పించుకోండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతాయి. ఏ ఆయిలు, ఎంత, ఎలా అన్నది కారు యజమానికి తెలియకపోతే ఆ వాక్యం షెడ్డుకు చేరేలోపే ‘నైంటీ పోసెయ్’గా మారిపోతుంది. విశాఖలో ఇటు గాజువాక ఆటోనగర్‌లోనైనా, అటు మధురవాడలోనైనా తరచూ జరిగేది ఇదే: చిన్న కారుకూ, జీపుకూ, సరుకుల ఆటోకూ ఒకే డ్రమ్ము. రిఫైనరీ ఉన్న ఊళ్లో నూనెకు కరువు లేదు. డబ్బా మీద రాసింది చదివేవాళ్లకే కరువు.

‘నైంటీ’, అంటే 90, ఆయిలు చిక్కదనం నంబరు మాత్రమే. డబ్బా మీద చూడాల్సినవి రెండు: ఎస్‌ఏఈ చిక్కదనం (75డబ్ల్యూ-80 లాంటి అంకెలు), ఏపీఐ తరగతి (ఆయిలు ఏ పనికో చెప్పే జీఎల్-4, జీఎల్-5 లాంటి గుర్తు). ఎక్కువ నష్టం చేసేది రెండోదాన్ని పట్టించుకోకపోవడం. మాన్యువల్ గేర్‌బాక్సుల్లో అత్యధికం కోరేది జీఎల్-4. కౌంటర్లో మాత్రం ‘జీఎల్-5 ఉంది, ఇంకా పెద్ద నంబరు, మంచిదేనండీ’ అంటారు. ఇక్కడ పెద్ద నంబరంటే మెరుగైన ఆయిలని అర్థం కాదు, పని వేరని అర్థం.

గేరు మార్చినప్పుడు లోపల ఇత్తడి సింక్రో రింగు వెళ్లి గేరు కోన్‌ను పట్టుకుంటుంది. ఆ రాపిడితోనే రెండిటి వేగాలూ క్షణంలో సమానమై పళ్లు చప్పుడు లేకుండా కలుస్తాయి. అంటే సింక్రోకు రాపిడి కావాలి. జీఎల్-5 తయారైంది హైపాయిడ్ పళ్ల కోసం, అంటే వెనక చక్రాలతో నడిచే బండ్ల హౌసింగ్‌లో (వెనక యాక్సిల్ మధ్యనుండే గేర్ల గుండులో) ఉండే క్రౌను, పీనియన్ అనే గేర్ల కోసం. అక్కడ పళ్లు విపరీతమైన ఒత్తిడిలో ఒకదాని మీద ఒకటి జారుతాయి కాబట్టి గంధకం, భాస్వరం కలిపిన రసాయనాలు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు మోతాదులో వేస్తారు. అవి సింక్రో దగ్గర రింగును పట్టనివ్వవు, రెండో గేరులోకి వేస్తే ‘కర్ర్’మంటుంది. పాత తరహా జీఎల్-5లో చురుకైన గంధకం వేడికి ఇత్తడిని తినేసేది కూడా. ఇప్పటివాటిలో ఆ దోషం చాలావరకు తగ్గింది, కానీ రాపిడి సంగతి అలాగే ఉంది. ‘జీఎల్-4/5’ అని రెండూ రాసిన డబ్బాలు వస్తున్నాయి. కారుతో వచ్చే ఓనర్ పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే అచ్చంగా జీఎల్-4 కొనడమే నా సలహా.

వెనక చక్రాల బండ్లు, అంటే బొలెరో లాంటివి, ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: గేర్‌బాక్సు వేరు, హౌసింగ్ వేరు, రెండింటికీ వేర్వేరు ఆయిళ్లు. ముందు చక్రాలతో నడిచే సాధారణ చిన్న కార్లలో డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల జట్టు) కూడా గేర్‌బాక్సు కేసులోనే ఉంటుంది. అక్కడివి హైపాయిడ్ పళ్లు కావు, మామూలు వాలు పళ్లు. దానికోసమని జీఎల్-5 పోయనక్కర్లేదు.

ఇక చిక్కదనం. 75డబ్ల్యూ-80లో మొదటి భాగం చలిలో పారే గుణం, రెండోది వేడెక్కాక ఉండే చిక్కదనం. డిసెంబరులో లంబసింగి వెళ్లినా 80డబ్ల్యూ గడ్డకట్టే చలి మనకు రాదు. కాబట్టి మన దగ్గర అసలు తేడా చూపేది రెండో అంకె. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి 75డబ్ల్యూ-80 లేదా 75డబ్ల్యూ-85 చెబుతున్నారు, కొన్ని కొరియా బండ్లకు ఇంకా పల్చటి 70డబ్ల్యూ. ‘ఎండల ఊరు కదా, చిక్కగా ఉండనీ’ అని 85డబ్ల్యూ-140 పోస్తే పొద్దున్నే గేరు కదలదు, చిక్కటి నూనె బేరింగుల సందుల్లోకి త్వరగా చేరదు, పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది. గేర్ ఆయిల్ అంకెలకూ ఇంజిన్ ఆయిల్ అంకెలకూ కొలబద్ద వేరని కూడా చాలామందికి తెలియదు. వేడి మీద 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, 15డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ చిక్కదనంలో దగ్గరదగ్గరగానే ఉంటాయి.

ఆటోమేటిక్ కార్ల విషయంలో పొరపాటు ఇంకా ఖరీదైనది. వెనక డిక్కీ మీద ఏ అక్షరాలున్నా లోపల సాధారణంగా ఉండేది నాలుగు రకాల్లో ఒకటి. ఏఎంటీ అయితే అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చు తొక్కి గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. దానికి మాన్యువల్ గేర్ ఆయిలే పోయాలి. ‘ఆటోమేటిక్’ అన్నారని ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ద్రవం) పోస్తే తప్పు. కొన్ని ఏఎంటీలలో గేరు మార్చే హైడ్రాలిక్ యూనిట్‌కు విడిగా ఒక చిన్న ట్యాంకు ఉంటుంది, దాని ద్రవం వేరు. క్లచ్చు బదులు ద్రవం ద్వారా ఇంజిన్ శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ రకానికి ఏటీఎఫ్, అదీ కంపెనీ చెప్పిన రకమే: హ్యుందాయ్, కియాల్లో ఎస్‌పీ-4, టయోటాలో డబ్ల్యూఎస్, హోండాలో డీడబ్ల్యూ-1, ఇలా. విడివిడి గేర్లు లేని సీవీటీలో ఉక్కు బెల్టు రెండు పుల్లీల మధ్య పట్టుతోనే నడుస్తుంది. ఆ పట్టు ఇచ్చేలా తయారైన ఎన్‌ఎస్-3, హెచ్‌సీఎఫ్-2 లాంటి ద్రవాల బదులు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారుతుంది, పుల్లీ ముఖం గీతలు పడుతుంది, ఆ తరువాత బాగుచేసేదేమీ ఉండదు, యూనిట్ మార్చడమే. రెండు క్లచ్చులతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్చు రకంలో పొడి క్లచ్చు ఉన్నదానికి ఒక ద్రవం, ఆయిల్లో మునిగే క్లచ్చు ఉన్నదానికి మరొకటి. రంగు చూసి గుర్తుపడతామనుకోకండి. ఎర్రగా ఉన్నవన్నీ ఏటీఎఫ్ కావు.

మాన్యువల్ బాక్సులో ఆయిలు మార్చే పని కష్టం కాదు, కానీ వరస తప్పకూడదు. పది, పదిహేను నిమిషాలు నడిపి వచ్చాక చేయాలి, అప్పుడే నూనె పల్చబడి అడుగున ఉన్న మురికితో సహా దిగుతుంది. బండి నాలుగు వైపులా సమానంగా ఉండాలి. లిఫ్ట్ గానీ పిట్టు గానీ ఉంటే సరే, ముందు చక్రాలు మాత్రమే జాకీ మీద లేపి నింపితే మట్టం తప్పుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి.

ముందుగా విప్పాల్సింది పక్కనున్న ఫిల్లర్ ప్లగ్గు, కింద డ్రెయిన్ ప్లగ్గు కాదు. సముద్రపు ఉప్పుగాలికి ప్లగ్గులు తుప్పుపట్టి బిగుసుకోవడం విశాఖలో మామూలే. కిందది విప్పి ఆయిలంతా దించేశాక పైది రాకపోతే, ఖాళీ గేర్‌బాక్సుతో బండి కదలదు. పైది వచ్చాకే కిందది ముట్టుకోవాలి. చదరపు గుంట ఉన్న ప్లగ్గుకు సరైన సైజు రాచెట్టు పెట్టాలి తప్ప, వదులుగా ఉన్న స్పానర్‌ను గుడ్డ చుట్టి తిప్పితే గుంట మూలలు అరిగిపోతాయి.

ఆయిలు పది నిమిషాలైనా కారనివ్వాలి. డ్రెయిన్ ప్లగ్గుకు సాధారణంగా అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిదరంగు మెత్తటి పేస్టు కనిపిస్తే భయపడక్కర్లేదు, తుడిచేయండి. గోరుకు తగిలే ముక్కలు, పంటి విరుగులు కనిపిస్తే ఆయిలుతో పోయే జబ్బు కాదది. అయస్కాంతం ఇత్తడిని పట్టదు. అందుకే దించిన ఆయిలును తెల్లటి గిన్నెలో పట్టి ఎండలో చూడాలి. బంగారు రంగు మెరుపులు ఎక్కువగా ఉంటే సింక్రో రింగులు అరుగుతున్నట్టే. మాన్యువల్ బాక్సుల్లో ఇంజిన్‌కు ఉన్నట్టు ఆయిల్ ఫిల్టర్ ఉండదు, అరిగిందంతా ఆ ఆయిల్లోనే తిరుగుతుంది. రంగు నల్లబడలేదు కదా అని వదిలేయకూడదనడానికి కారణం అదే.

రాగి లేదా అల్యూమినియం వాషర్ ఉంటే కొత్తది వేయాలి. వాషర్ లేని ప్లగ్గులకు కంపెనీ చెప్పిన సీలెంటు రాయాలి. కేసు అల్యూమినియం కాబట్టి పైపు తొడిగి బలం కొద్దీ బిగిస్తే మరలు ఊడిపోతాయి. నింపేటప్పుడు నూనె ఫిల్లర్ రంధ్రం అంచుకొచ్చి సన్నగా కారే దాకా పోయాలి. చిన్న కార్లకు ఇంచుమించు 2 లీటర్లు పడుతుంది, మీ బండి కచ్చితమైన లెక్క ఓనర్ పుస్తకం చివరి పేజీల్లో ఉంటుంది. పైనుంచి నింపే కొన్ని బాక్సులకు ఈ రంధ్రం లెక్క పనిచేయదు, అక్కడ కొలిచి పోయడమే. ఎక్కువైనా మంచిది కాదు: నురగ కడుతుంది, సీళ్ల గుండా బయటికి తోసుకొస్తుంది, క్లచ్చు వైపు కారితే క్లచ్చు ప్లేటు జారుతుంది. తక్కువైతే ముందు దెబ్బతినేది చాలా బండ్లలో అయిదో గేరు, అది బాక్సు చివర ఉండటం వల్ల నూనె అక్కడికి ఆఖరున చేరుతుంది. హైవే మీద అయిదో గేరులో మాత్రమే కూత వినిపిస్తే మట్టం చూడండి, యాక్సిల్ సీళ్ల దగ్గర తడి ఉందేమో చూడండి.

టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో కిందనుంచి దించితే వచ్చేది దాదాపు సగమే, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. డిప్‌స్టిక్ (మట్టం చూసే పుల్ల) లేనివాటిలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ద్రవం సాధారణంగా 40 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు మట్టం చూడాలి. మే నెల మధ్యాహ్నం షెడ్డుకు వచ్చిన బండిలో ద్రవం అప్పటికే ఆ వేడి దాటి వ్యాకోచించి ఉంటుంది. అప్పుడు ప్లగ్గు విప్పితే ఉండాల్సిందీ కారిపోతుంది. ఈ పని రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే చేయించుకోవాలి. లక్ష కిలోమీటర్లు దాటినా ఎన్నడూ మార్చని బండికి యంత్రంతో పాతదంతా ఒక్కసారే తోసేసి (ఫ్లష్) కొత్తది నింపించడం కంటే, సగం దించి నింపి, కొన్ని రోజులు నడిపి, మళ్లీ అలాగే చేయడం మేలని నా అభిప్రాయం.

చాలా ఫిర్యాదులకు మూలం ఆయిలు కాదు. ఇంజిన్ ఆపి గేర్లు వేస్తే మెత్తగా పడి, ఇంజిన్ నడుస్తుండగా మాత్రం రివర్స్ కరకరమంటే చూడాల్సింది క్లచ్చు. న్యూట్రల్‌లో వినిపించే గుర్రుమనే శబ్దం క్లచ్చు తొక్కగానే ఆగితే గేర్‌బాక్సు ఇన్‌పుట్ బేరింగు, తొక్కినప్పుడే వస్తే క్లచ్చు బేరింగు. గేరు దానంతటదే ఊడిపోతుంటే చూడాల్సినవి లింకేజీ (గేరు కర్రను బాక్సుకు కలిపే కడ్డీలు, కేబుళ్లు), బాక్సును పట్టి ఉంచే మౌంటు, లోపలి పళ్లు. ఇవేవీ ఎంత ఖరీదైన సింథటిక్ పోసినా తగ్గవు.

ఎప్పుడు మార్చాలి? కంపెనీలు మాన్యువల్‌కు చెప్పే దూరాలు వేర్వేరుగా ఉంటాయి. అరకు, అనంతగిరి ఘాట్ తరచూ ఎక్కే ట్యాక్సీలకు, నిండా బరువుతో తిరిగేవాటికి 40 వేల కిలోమీటర్లకే మార్చడం మంచిది. మిగతావారు పుస్తకంలోని ‘కఠిన వాడకం’ పట్టిక చూడాలి. ‘జీవితాంతం మార్చనక్కర్లేదు’ అన్న మాటకు నేను విలువివ్వను. ఎన్నో కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ బాక్సులు తయారుచేసి ఇచ్చే జడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటోంది.

జ్ఞానాపురం లాంటి చోట్ల నిలిచిన నీళ్లలోంచి బండి వెళ్లాల్సి వస్తే ఈ లెక్కలేవీ చెల్లవు. వేడిగా ఉన్న గేర్‌బాక్సు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ గొట్టంలోంచి (గాలి వచ్చిపోయే సన్న గొట్టంలోంచి) నీటిని పీలుస్తుంది. దించిన ఆయిలు పాల టీ రంగులో ఉంటే నీరు చేరిందన్నమాట. ఒకసారి మార్చి, కొద్ది దూరం తిప్పి, మళ్లీ దించి నింపాలి. నెల తరువాత చూద్దామంటే ఈలోగా బేరింగులు తుప్పుపడతాయి.

దించిన పాత ఆయిలును గెడ్డలోకి, అంటే వాగులోకి, వదలొద్దు, ఈ ఊళ్లో గెడ్డలన్నీ చివరికి సముద్రంలోకే పోతాయి. మూతపెట్టిన డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్లకు అమ్మే షెడ్డుకే ఇవ్వాలి.

మీ పత్రిక ద్వారా షెడ్ల యజమానులకు ఒక విన్నపం. బిల్లు మీద ‘గేర్ ఆయిల్’ అని కాకుండా చిక్కదనం, ఏపీఐ తరగతి లేదా ద్రవం పేరు, ఎన్ని లీటర్లు, మీటరు రీడింగు రాయండి. రేపు సీలు కారి ఎక్కడో దారిలో కొద్దిగా కలపాల్సి వస్తే, ఆ మెకానిక్‌కు దొరికే ఆధారం అదొక్కటే. కారు యజమానులు లూజు ఆయిల్ ఒప్పుకోకండి. సీలు మీ ఎదుటే విప్పించండి. మూడు లీటర్లు కొని రెండుంబావు పోస్తే, మిగిలిన ముప్పావు లీటరు డబ్బా గట్టిగా మూత బిగించి ఇంటికి తెచ్చుకోండి.

— గేర్‌బాక్సు మెకానిక్, గాజువాక, విశాఖపట్నం