గల్ఫ్ రూల్స్ మారితే మాకు చెప్పేదెవరు?

సంపాదకులు గారికి,

కోరుట్లలో మాది చిన్న నెట్ సెంటర్. జిరాక్సులు, పాస్‌పోర్ట్ అప్లికేషన్లతో పాటు గల్ఫ్ వీసాలు చూసిపెట్టే పని కూడా మా దగ్గరికి బాగా వస్తుంది. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చూపించి "అన్నా, ఇది కంపెనీ వీసానా, విజిట్ వీసానా, జర చూడు" అంటారు. నంబరు కొడితే ఆ సంగతి తేలిపోతుంది. ఆ తర్వాత అడిగేవే కష్టం. జీతం ఎంతకు తగ్గకూడదు? కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) నచ్చకపోతే మారొచ్చా? వీటికి నా కంప్యూటర్‌లో జవాబు దొరకదు.

జవాబులు ప్రభుత్వాల దగ్గర ఉన్నాయి. వలసల మీద అవి మాట్లాడుకోవట్లేదని కూడా అనలేం. కార్మికులను పంపే ఆసియా దేశాలు 2003 నుంచి కొలంబో ప్రాసెస్ పేరుతో కలుస్తున్నాయి. 2024లో దాని అధ్యక్షత మన దేశానికి వచ్చింది. తీసుకునే గల్ఫ్ దేశాలతో కలిసి 2008 నుంచి అబుదాబి డైలాగ్ నడుస్తోంది. మంత్రులు కూర్చుంటారు, ఒక ప్రకటన వస్తుంది. అంత మాట్లాడుకున్నాక కూడా ఏం జరిగిందో 2020లో చూశాం.

ఆ ఏడాది ఆగస్టు 30న ఖతర్ కొత్త చట్టం ప్రకటించింది. ఏ దేశం వాడైనా, ఇంటి పనివాళ్లతో సహా, నెలకు కనీసం 1,000 రియాళ్లు ఇవ్వాలి. తిండి, గది కంపెనీ చూసుకోకపోతే తిండికి 300, గదికి 500 అదనం. 2021 మార్చి నుంచి అమలు. ఆ ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే, సెప్టెంబర్‌లో, మన విదేశాంగ శాఖ గల్ఫ్‌కు వెళ్లేవారి కనీస రెఫరల్ వేతనాన్ని (ఇంతకు తక్కువ జీతానికి మనవాళ్లను పంపకూడదని మన ప్రభుత్వం పెట్టే హద్దు) 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఖతర్‌కు పెట్టిన రేటు 200 డాలర్లు, అంటే దాదాపు 730 రియాళ్లు. అక్కడి ప్రభుత్వం వెయ్యికి తగ్గొద్దు అంటుంటే, మనవాళ్లు 730 చాలని రాసిచ్చారు! కరోనాలో ఉద్యోగాలు పోకూడదనే తగ్గించామని చెప్పారు. సరే, ఆ భయం అర్థమవుతుంది. పక్క దేశం వాడు తక్కువకు వస్తే మనవాడిని తీసేస్తారు. కానీ పంపే దేశాలన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చునే వేదిక ఉన్నది ఇలాంటి పోటీ రాకుండా చూడటానికి కాదా? గల్ఫ్ కార్మికుల సంఘాలు గొడవ చేసి, హైకోర్టు దాకా వెళ్లాకే 2021 జులైలో పాత వేతనాలు తిరిగి వచ్చాయి.

రెండో ఉదాహరణ సౌదీ. 2021 మార్చి నుంచి యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వెసులుబాటు వచ్చింది. ఇది కొన్ని షరతులతో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారికే. హౌస్ డ్రైవర్లు, గొర్లు కాసేవారు, తోట పనివాళ్లు, ఇంటి పనివాళ్లు ఇందులోకి రారు. మా వైపు నుంచి డ్రైవర్లుగా, కాపరులుగా పోయేవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు. ఏజెంట్లు మాత్రం "ఇప్పుడు సౌదీల కఫాలా లేదు" అని, అంటే కార్మికుణ్ని కఫీల్‌కు కట్టేసే పద్ధతి పోయిందని, ధీమాగా చెప్పి డబ్బులు గుంజుతున్నారు. విని పోయినవాడు అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు) గడువు అయిపోయి ఖల్లివల్లి (సరైన కాగితాలు లేనివాడు) అయ్యాక గానీ అసలు సంగతి తెలియదు.

యూఏఈ 2016లో ఆఫర్ లెటర్ కార్మికుడి భాషలో కూడా ఉండాలని నిబంధన పెట్టింది. మంచి పని. అప్పుడు ప్రకటించిన భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ ఉన్నాయి. తెలుగు లేదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి, రాయచోటి, కోనసీమల నుంచి ఇంతమంది పోతుంటే ఆ జాబితాలో మన భాష చేర్చమని ఢిల్లీ నుంచి ఎవరైనా అడిగారా?

యూరప్ దేశాలకు 2008 నుంచి మైగ్రేషన్ నెట్‌వర్క్ అని ఒకటి ఉంది. ఒక దేశం తన సందేహం పంపితే మిగతావి తమ దగ్గర రూల్ ఏమిటో రాసి పంపుతాయి. ఆ జవాబుల్లో చాలావరకు ఎవరైనా చదువుకునేలా బయట పెడతారు. అక్కడ వలసవాళ్ల కష్టాలు తీరిపోయాయని కాదు, కనీసం ఏ దేశంలో ఏముందో కాగితం మీద కనిపిస్తుంది.

అబుదాబి డైలాగ్‌లో గల్ఫ్ దేశాలు చెప్పిన మార్పులను విదేశాంగ శాఖ రెండు తెలుగు రాష్ట్రాలకూ రాతపూర్వకంగా పంపాలి. విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలు, తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్, దేశానికో పేజీ చొప్పున తెలుగులో వేసి, ఆ రూల్ ఎవరికి వర్తించదో కూడా అందులో రాయాలి. వెళ్లేముందు ఇచ్చే ఒక్కరోజు శిక్షణలో చెబుతున్నాం కదా అంటే కుదరదు. విజిట్ వీసా మీద పోయేవాడు ఆ శిక్షణ గడప తొక్కడు. పాస్‌పోర్ట్ ఆఫీసులో, గ్రామ పంచాయతీలో, మాలాంటి నెట్ సెంటర్లలో ఆ పేజీ అతికిస్తే వాడి కంటపడుతుంది. జిరాక్సుల ఖర్చు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోరుట్ల, జగిత్యాల జిల్లా