ఆ గ్లోబుకు రంగులు వేయించకండి

సంపాదకుల వారికి,

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పాత హైస్కూల్లో 19 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. అక్కడి స్టాఫ్ రూములో బీరువా మీద అడుగు వ్యాసం ఉన్న గ్లోబు ఒకటి ఉండేది. లండన్‌లో గ్లోబులు తయారుచేసే కేరీ వాళ్లు చేసినది. తయారైన సంవత్సరంలో 18 మిగిలింది, తర్వాతి రెండంకెలు చెరిగిపోయాయి. పోయిన నెల వెళ్తే అది వరండాలో విరిగిన బెంచీల మధ్య కనిపించింది. ఎవరో సబ్బునీళ్ల గుడ్డతో తుడిచారట. హిందూ మహాసముద్రం దగ్గర అరచేయంత కాగితం ఊడి వచ్చేసింది. త్వరలో పెయింటర్‌ని పిలిచి కొత్త రంగులు వేయిస్తామని చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దాని మీద ఇంగ్లిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ చేసిన మూడు సముద్రయానాల దారులు సన్నటి గీతలుగా అచ్చయి ఉన్నాయి. ఆస్ట్రేలియా చోట న్యూ హాలండ్ అని ఉంటుంది. దక్షిణ ధ్రువం దగ్గర ఏమీ ఉండదు, ఖాళీ. అంటార్కిటికాను మనుషులు తొలిసారి చూసింది 1820లో. అంతకు చాలా ముందే, 1773 జనవరి 17న, కుక్ దక్షిణ ధ్రువం చుట్టూ గీసే అంటార్కిటిక్ వలయం దాటాడు. మరుసటి ఏడాది జనవరి 30న 71 డిగ్రీల 10 నిమిషాల దక్షిణ అక్షాంశం దాకా వెళ్లి, మంచు అడ్డుపడితే వెనుదిరిగాడు. గ్లోబు మీద గీత కూడా అక్కడ పైకి తిరుగుతుంది.

"అక్కడెందుకు తిరిగిపోయాడు మాస్టారూ?" అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోపే మత్స్యకారుల పిల్లాడొకడు, "గాలి ఎదురైతే మా నాన్నా బోటు తిప్పేస్తాడు" అన్నాడు. వాళ్ల నాన్న అప్పుడు గుజరాత్‌లోని వేరావల్‌లో వేటకు ఉన్నాడు. వేరావల్ ఎక్కడో చూపిస్తే, మన తీరం నుంచి అక్కడికి దారం పెట్టి కొలుచుకున్నాడు. కొత్త ప్లాస్టిక్ గ్లోబులో అంటార్కిటికా నిండుగా ఉంటుంది. ఈ పాతదానిలో ఆ కాలానికి ఎంతవరకు తెలుసో, ఎక్కణ్ణుంచి తెలీదో రెండూ కనపడతాయి.

ఇలాంటి గ్లోబు లోపల కాగితపు గుజ్జుతో చేసిన డొల్ల గుండు, దాని మీద ప్లాస్టర్ పూత ఉంటాయి. రాగి రేకుల మీద చెక్కి అచ్చేసిన కాగితాన్ని, రెండు కొసలా సన్నబడే ముక్కలుగా కోసి, చుట్టూ అతికిస్తారు. చేత్తో రంగులద్ది పైన వార్నిష్ వేస్తారు. నీళ్లు తగిలితే కాగితం లేచిపోతుంది. ఎనామిల్ పెయింట్ వేస్తే కుక్ దారులు ఇక కనపడవు.

జిల్లా విద్యాశాఖ అధికారులు ముందు ఆ పెయింటింగ్ పని ఆపించాలి. ఎండ, చెమ్మ తగలని గదిలో గ్లోబును అద్దాల పెట్టెలో పెట్టించి, పురావస్తు శాఖ వారికి చూపించాలి. పెట్టె ఖర్చు నా పెన్షన్‌లోంచి ఇస్తాను. ఊడిన కాగితం ముక్క నా దగ్గర డిక్షనరీ పేజీల మధ్య భద్రంగా ఉంది. పిలిచిన రోజున తెచ్చి ఇస్తాను.

- ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు, శ్రీకాకుళం