పల్లె సంఘాలకు బల్ల ఎప్పుడు?

సంపాదకుల వారికి,

జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాల్లో లండన్ మిషనరీల కాలం నాటి క్రైస్తవ సంఘాలు ఉన్నాయి. 1947లో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడ్డాక అందులో కలిశాయి. పల్లెలో ఆదివారం ఆరాధన ఉపదేశి నడపొచ్చు, సంఘపెద్ద నడపొచ్చు. యేసు చివరి విందు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు రాత్రి భోజనం (మనం బల్ల అనేది) మాత్రం అభిషిక్తులైన గురువుగారే ఇవ్వాలి. ఒక్కరికే ఎనిమిది పల్లెలు అప్పగిస్తే, ఆదివారానికి ఒక ఊరు చొప్పున రెండు నెలలకు గానీ వంతు రాదు. మంచాన పడిన ముసలివాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

బల్ల ఆదివారమే ఇవ్వాలన్న నియమం లేదు. కూలికి పోయినవాళ్లు ఇల్లు చేరాక బుధ, శుక్రవారాల్లో రాత్రి ఏడున్నరకు పెట్టుకుంటే వంతు మూడు వారాల లోపే వస్తుంది. సౌండు బాక్సులకు చందాలు బాగానే పోగవుతాయి. గురువుగారి బండి పెట్రోలు మాటెత్తితే మాత్రం కమిటీ మీటింగు వాయిదా పడుతుంది!

ద్రాక్షరసం విషయంలోనూ అజాగ్రత్త ఎక్కువ. చిన్న కప్పుకు 10 మి.లీ. పోస్తే వందమందికి లీటరు సరిపోతుంది. నల్లద్రాక్ష చితిపి, కాచి, వడగట్టి, వేడి మీదే ఉడికించిన సీసాలో నిండా పోసి మూత బిగించాలి. మన ఎండలకు మూత తీసిన సీసా ఒక్కరోజు బయట ఉంటే చాలు, నురగ కట్టి పులుస్తుంది. అందుకే పెద్ద సీసా ఒకటి కాకుండా పావు లీటరువి నాలుగు పెట్టుకోవాలి. బల్ల మీద మిగిలినదాన్ని మళ్లీ సీసాలో కలపకూడదు, భక్తితో అక్కడే తాగేయాలి.

– ఒక పాఠకుడు, కడప